దుప్పటి కప్పుకున్న యంత్రం

అరుదైన జబ్బులను పరీక్షించే ల్యాబుల మీద సర్కారు నిఘా లేదనేవాళ్లను నేను క్షమించను. మా జిల్లాకు వచ్చి చూడండి!

తనిఖీకి వచ్చిన సార్లు ముందు లైసెన్సు చూస్తారు. అద్దాల ఫ్రేములో ఉందా, వంకర లేకుండా వేలాడుతోందా? తర్వాత మంటలార్పే సిలిండర్. ఆ తర్వాత బోర్డు మీద అక్షరాల సైజు. రిపోర్టులు నిజమేనా అని మాత్రం అడగరు. చాయ్ తాగిన చోట అలాంటి మాట అడగడం మర్యాదేనా?

పైగా ముందు రోజే ఫోన్ చేసి వస్తారు. ఎంత సంస్కారం!

నల్లగొండలో, మోత్కూర్‌లో ల్యాబులున్న ఒక యజమాని దగ్గర యంత్రం మాత్రం ఒకటే. తనిఖీ ఎక్కడుంటే అది అక్కడికి పోతుంది. పోయిన నెల నేనెక్కిన మోత్కూర్ ఆటోలో నా పక్క సీటు దానిదే. దుప్పటి కప్పుకొని కూర్చుంది.

"జర జరుగు కాకా, మిషన్‌కు దెబ్బ తాకుతది" అన్నాడు ఆటో మల్లేశ్.

"ఏం మిషన్‌రా?"

"రక్తం చూసేది. మోత్కూర్‌కు సార్లొస్తున్నరు. మాపటికి మళ్ల నల్గొండకు తోల్కపోవాలె."

"మరి గప్పటిదాంక నల్గొండల రక్తం ఎట్ల చూస్తరు?"

"గది నన్నడుగుతవేందే? నేను ఆటో నడిపెటోణ్ణి."

నాకు లీలమ్మ రిపోర్టు గుర్తొచ్చింది.

లీలమ్మ నా భార్య. చేతులు వణికేవి. మా ఊరు మర్రిగూడలో అందరూ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అన్నారు. డాక్టరు మాత్రం ఒంట్లో రాగి పేరుకునే జబ్బేమో అని అనుమానించాడు. ముందే తెలిస్తే గోలీలతో బతకొచ్చట. నల్లగొండ ల్యాబులో రక్తమిచ్చాం. నార్మల్ అన్నారు. గోలీలు రాయలేదు. ఏడాది తిరక్కుండా పోయింది. ఆఖరి వారంలో హైదరాబాద్ దవాఖానవాళ్లు ఆ జబ్బేనని తేల్చారు.

సమాచార హక్కు కింద తనిఖీ కాగితాలు తెప్పించాను. లీలమ్మ రక్తమిచ్చిన రోజు, పొద్దున పదకొండు గంటలకు, ఆ యంత్రం మోత్కూర్‌లో ఉందని సార్లు రాశారు. అదే రోజు, అదే గంటకు, అదే నంబరు యంత్రం నల్లగొండలో ఆమె రక్తం చూసిందని రిపోర్టులో ఉంది.

రెండూ పట్టుకొని తనిఖీల ఆఫీసరు కరుణ మేడం దగ్గరికి పోయాను.

"ఒక్క మిషన్ ఒక్క టైముకు రెండు జాగలల్ల ఎట్లుంటది మేడం?"

ఆమె రెండు కాగితాలూ తిప్పి చూసింది. "రెండిటి మీద సంతకం ఉంది, ముద్ర ఉంది. ఇంకా ఫికరెందుకన్నా?"

నిజమే. లీలమ్మ రిపోర్టుకు అద్దాల ఫ్రేము కట్టించాను. ఆమె ఫొటో పక్కన వంకర లేకుండా వేలాడదీశాను. సార్లు ఎప్పుడైనా తనిఖీకి రావచ్చు. ముందు రోజు ఫోన్ అక్కర్లేదు. ఆ యంత్రంలా ఆటోలో తెచ్చి చూపించడానికి మా ఇంట్లో లీలమ్మ లేదు.