నిమ్మకాయలు తొక్కిన పడవ

శనివారం పొద్దున యజ్ఞనారాయణ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకు ట్రాక్టర్ వస్తుంది. మేడ్చల్‌లో మెకానిక్ దగ్గరున్న ఇంజను కూడా దాంట్లోనే వస్తుంది. పదకొండుకు పడవ శామీర్‌పేట చెరువులో ఉంటుంది, ఆ వెంటనే భార్య పార్వతీదేవి పడవలో ఉంటుంది. పన్నెండు కొట్టే లోపల, ముప్పై అయిదేళ్ళుగా మోస్తున్న అవమానం ఆయన నెత్తి మీద నుంచి దిగిపోతుంది. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు కుర్చీలో కూర్చుని తూములూ కాలువలూ గీసి రిటైరైన మనిషి కదా, కాగితం మీద అన్నీ చక్కగానే ఉంటాయి.

ఆ అవమానం సంగతి ముందు చెప్పాలి. ముప్పై అయిదేళ్ళ కిందట ఇదే తేదీన, శ్రావణ మాసంలో, పెళ్ళికొడుకు యజ్ఞనారాయణను పడవలో గోదావరి దాటించి కోనసీమకు తీసుకువెళ్ళారు. ఎదురువచ్చిన మామగారు పక్కనే కూర్చున్నారు. నడి గోదావరిలో పెళ్ళికొడుకుకు కడుపు తిప్పింది. పొద్దున తిన్న ఉప్మా అంతా మామగారి కొత్త కండువా మీదికి వచ్చేసింది. అప్పటికి పన్నెండేళ్ళ వాడైన బావమరిది హేమచంద్ అదంతా కళ్ళారా చూశాడు. చూసి ఊరుకుంటే గొడవే లేదు. ఇప్పుడు బహదూర్‌పల్లిలో కాపురముంటూ, ఏ పెళ్ళిలో పంక్తి భోజనానికి కూర్చున్నా, పప్పు వడ్డించే లోపల ఆ కథ మొదలుపెడతాడు. చివర్లో పార్వతీదేవి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. బావమరిది నవ్వుకంటే ఆ కొంగు వెనక నవ్వే యజ్ఞనారాయణను ఎక్కువ గుచ్చేది.

అందుకే, మూతపడిన ఒక రిసార్టు వెనక తుప్పల్లో బోర్లాపడి ఉన్న ఫైబర్ మోటారు పడవను చూడగానే ఆయన బేరం చేసి కొనేశాడు. దాని రెండు చక్రాల బండితో సహా తెచ్చి, తూంకుంటలోని కొత్త కాలనీలో, తన ఇంటి పోర్టికోలో పెట్టాడు. పెళ్ళిరోజుకల్లా దాన్ని బాగుచేసి, భార్యను తానే స్వయంగా నడుపుతూ చెరువంతా తిప్పుతాడు. ఒడ్డున హేమచంద్ నిలబడి చూడాలి. అంతే, అంతకు మించి జీవితంలో ఇంకేమీ అక్కర్లేదు.

పని యాదయ్యకు అప్పజెప్పాడు. చుట్టుపక్కల కాలనీల్లో మిద్దెల మీద నీళ్ళ ట్యాంకు ఎక్కడ పగిలినా యాదయ్యే అతుకు వేస్తాడు. పగుళ్ళలో గుడ్డలాంటి ఫైబర్ చాప పరిచి, రెసిన్ పూసి, ఎండిన తరువాత గీకి నున్నగా చేశాడు. ఆ పొడికి యజ్ఞనారాయణ ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. వాసనకు పార్వతీదేవి వంట పెరట్లోకి మార్చింది. అయినా నెల తిరిగేసరికి పడవ నీలం రంగులో మెరిసిపోయింది.

అక్కడి దాకా బాగానే ఉంది. చిక్కు ఎదురింటి దుర్గాబాయి దగ్గర మొదలైంది. వారం రోజులుగా ముసురు పట్టి ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులు గోక్కుంటూ ఉన్న యజ్ఞనారాయణను ఆవిడ గేటు దగ్గర నిలబడి, పడవెందుకు సారూ అని అడిగింది. గోదావరీ, ఉప్మా, కండువా అన్నీ చెప్పుకోలేక ఆయన, "ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుంది కదమ్మా" అన్నాడు.

ఆ మాట ఇంకెవరైనా అంటే అది మాటే. నీటిపారుదల ఇంజినీరు అంటే లెక్క వేరు. చెరువు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది, వాన ఆగడం లేదు, పెద్దసారు ఇంట్లో పడవ సిద్ధం చేసుకుంటున్నారు. దుర్గాబాయి ఇంటికి పోయి బియ్యం బస్తాలు మిద్దె మీదికి ఎక్కించింది. అది చూసి పక్కింటివాళ్ళు ఫ్రిజ్ ఎక్కించారు. ఆ మర్నాటికి కాలనీలో సగం సామాను పై అంతస్తుల్లో ఉంది. సాయంత్రాలు యజ్ఞనారాయణ ఇంటికి గిన్నెలు రాసాగాయి. దుర్గాబాయి సర్వపిండి, వెనక వీధివాళ్ళు మక్కగారెలు, పేరు తెలియని వాళ్ళెవరో బొబ్బట్లు. పడవ పని చూసి ముచ్చటపడి పంపుతున్నారనుకుని ఆయన ఒక్కటి వదలకుండా తిన్నాడు.

గురువారం కాలనీ సంఘం అధ్యక్షుడు వెంకటనర్సయ్య వచ్చాడు. చుట్టూ తిరిగి పడవను తట్టి చూసి, ఎంతమంది పడతారని అడిగాడు. ఆరుగురు అన్నాడు యజ్ఞనారాయణ.

"కాలనీల నూట ఇరవై ఇండ్లున్నయ్ సార్."

అందరికీ షికారు కావాలి కాబోలనుకుని యజ్ఞనారాయణ పొంగిపోయాడు. విడతలు విడతలుగా ఎక్కిద్దామన్నాడు.

"మా అవ్వకు తొంభై ఏండ్లు. మోకాళ్ళు లెవ్వవు. ఆమెను మాత్రం మొదటి ట్రిప్పుల వెయ్యుండ్రి సార్, మీకు పుణ్యముంటది."

"ఆ వయసులో నీళ్ళంటే భయం లేదా ఆవిడకు?"

"మస్తు భయం సార్. అందుకే మొదటి ట్రిప్పు."

ఈ జవాబు యజ్ఞనారాయణకు అంతుపట్టలేదు. అయినా పెద్దావిడ హుషారుకు మనసులో దండం పెట్టుకుని, శనివారం పొద్దున పదకొండుకు సిద్ధంగా ఉండమన్నాడు. వెంకటనర్సయ్య మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"శనివారమేనా? పక్కానా సార్?"

"పదకొండు. అటూ ఇటూ అయితే పది నిమిషాలు," అన్నాడు యజ్ఞనారాయణ, ట్రాక్టర్ డ్రైవర్‌ను తలుచుకుంటూ.

పార్వతీదేవి టీ తెచ్చేసరికి అధ్యక్షుడు వీధి మలుపు తిరిగిపోయాడు. చెరువు తెగే ముహూర్తం ఇంజినీరు సారే చెప్పారన్న కబురు ఆ పూట భోజనాల లోపలే నూట ఇరవై ఇళ్ళకూ అందింది. అందనిది యజ్ఞనారాయణ ఇంటికి ఒక్కదానికే.

ఇక శనివారం. వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది. యాదయ్య ఏడింటికే వచ్చి, ఆఖరి పరీక్ష అంటూ బోరు పైపు తెచ్చి పడవలో పడేశాడు. యజ్ఞనారాయణ స్నానం చేసి వచ్చేసరికి పడవలో మోకాలి ఎత్తున నీళ్ళున్నాయి. ఇదేం పరీక్ష అని అడిగితే యాదయ్య జాలిగా చూశాడు.

"ట్యాంకుకు లోపటి నీళ్ళు బయటికి రావద్దు. పడవకు బయటి నీళ్ళు లోపటికి రావద్దు. గోడ ఒక్కటే గద సార్. సూడుండ్రి, సుక్క కారుతలే."

నిజమే, చుక్క కారడం లేదు. చదువుకున్న ఇంజినీరుకు కూడా దాన్ని కాదనడం కష్టమైంది. సరే, ఇప్పుడు నీళ్ళు వదిలెయ్యమన్నాడు. వదలడానికి దారి లేదన్నాడు యాదయ్య.

"ఎనక అడుగున ఒక బొక్క ఉండె సార్. మొదటి దినమే పక్కాగ మూసేసిన. పడవకెవడన్న బొక్క పెడ్తడా?"

ఆ రంధ్రం నీళ్ళు వదలడానికే పెడతారని, దానికి మరబిరడా కూడా ఉంటుందని చెప్పి యజ్ఞనారాయణ తల పట్టుకున్నాడు. బకెట్లతో తోడాల్సిందే. పది బకెట్లు తోడారో లేదో, పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో హారతీ పసుపూ కుంకుమా పెట్టుకుని పార్వతీదేవి వచ్చింది. శనివారం తొమ్మిదికి రాహుకాలం వస్తుంది, ఆ లోపలే బండిపూజ కావాలి. స్కూటరు కొన్నా పూజ చేశాం, కారు కొన్నా చేశాం, దీనికి మాత్రం చక్రాలు లేవా అన్నది ఆవిడ వాదన. ఉన్నాయి, రెండున్నాయి, ముందు ఒక చిన్నది కూడా ఉంది. వాటి కింద నిమ్మకాయలు పెట్టారు.

సరిగ్గా అప్పుడే హేమచంద్ కొత్త చొక్కా వేసుకుని, సెల్‌ఫోన్ పైకెత్తి పట్టుకుని గేటు తోసుకుని వచ్చాడు.

"అక్కయ్యా, పడవెక్కి స్టీరింగుకు బొట్టు పెట్టు, ఫొటో తీస్తా. బావగారూ, మీరూ ఎక్కండి. నేల మీదేగా, కడుపులో తిప్పదులెండి."

యజ్ఞనారాయణ పళ్ళు నూరుకుంటూ ఎక్కాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు. పార్వతీదేవి చీర పైకి పట్టుకుని ముందు బల్ల మీద కూర్చుని, స్టీరింగుకు కుంకుమ పెట్టి, ఇక నిమ్మకాయలు తొక్కించమంది. జానెడు ముందుకు తోస్తే చాలు. హేమచంద్, యాదయ్య చెరో చక్రం దగ్గర చేరి, అడ్డం పెట్టిన ఇటుకలు తీశారు.

తోయాల్సిన అవసరం రాలేదు. టన్నుకు పైగా నీళ్ళున్న బండి, పోర్టికో నుంచి వీధికి దిగే ర్యాంపు, అక్కడి నుంచి చివరి దాకా పల్లంగా పోయే సిమెంటు రోడ్డు. నిమ్మకాయలు టప్‌మని చితికాయి. బండి గేటు దాటింది. పడవ బయటికి రావడానికి ఎంత వెడల్పు కావాలో యజ్ఞనారాయణ రెండుసార్లు కొలిచి మరీ గేటు పెట్టించాడు, అందుకని ఎక్కడా తగల్లేదు.

ఏవండీ, ఏవండీ అంటూ పార్వతీదేవి బల్లను కౌగిలించుకుంది. యజ్ఞనారాయణ స్టీరింగు పట్టుకున్నాడు. నీళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతూ రెండు పక్కలా రోడ్డు మీదికి ఎగిరిపడుతున్నాయి. వెనక హేమచంద్, ఫోన్ ఆపడం మరిచిపోయి, ఆగండి బావగారూ అని పరుగెత్తుతున్నాడు. ఆగడానికి ఏమి చేయాలో బావగారికి తెలిస్తే కదా.

మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న దుర్గాబాయి తల తిప్పింది. పడవ వస్తోంది. నీళ్ళు చిమ్ముకుంటూ వస్తోంది. సారు నడుపుతున్నారు. రోడ్డు మీద వరద ఉందా లేదా అని ఆవిడ ఇంక చూడదలచుకోలేదు. చెరువు తెగిందని ఒక్క కేక పెట్టింది. నిమిషంలో వీధిలోని మనుషులంతా మిద్దెల మీద ఉన్నారు. ఒక్క వెంకటనర్సయ్య మాత్రం మాట మీద నమ్మకమున్న మనిషి. అవ్వను వీపున వేసుకుని, లుంగీ ఎగగట్టి, రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి ఎత్తాడు.

"పదకొండంటివి గద సారూ! ఆపు, మా అవ్వది మొదటి నంబరు!"

పడవ ఆయన పక్క నుంచే దూసుకుపోయింది. ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్. యజ్ఞనారాయణ స్టీరింగు ఎడమకు తిప్పాడు. పడవ ఎడమకు తిరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ మూరెడు దూరంలో వెనక్కి పోయింది. ఆ క్షణంలో ఆయనకు కలిగిన ఆనందం, ఉద్యోగంలో చేరిన నాడు కలగలేదు, ప్రమోషన్ వచ్చిన నాడూ కలగలేదు. తల తిరగడం లేదు, కడుపులో దేవడం లేదు. తన వల్ల అవుతోంది.

వీధి చివర కొత్త ఇంటి కోసం పోసిన ఇసుక కుప్పలోకి పడవ ముక్కు దించి నిలబడింది. నీళ్ళు ఒక్కసారిగా ముందుకొచ్చి పార్వతీదేవిని తల నుంచి కాలి దాకా తడిపి వెనక్కి పోయాయి. వగరుస్తూ వచ్చిన హేమచంద్, అక్కయ్యా ఏమీ కాలేదుగా అని అంచు మీదుగా వంగాడు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన పార్వతీదేవి, తల పైకెత్తి, నోరు తెరిచి, పొద్దున తిన్న ఇడ్లీలన్నీ తమ్ముడి కొత్త చొక్కా మీద కక్కేసింది. యజ్ఞనారాయణ ఆవిడ నుదురు పట్టుకున్నాడు. వద్దనుకుంటూనే ఆయన మొహం వెలిగిపోయింది.

మిద్దెల మీద జనం చాలాసేపు వీధి పైభాగం వైపు చూశారు. నీళ్ళు రాలేదు. వెంకటనర్సయ్య అవ్వను మోసుకుంటూ వచ్చి, చెరువేది సార్ అని అడిగాడు. దాని చోట అది ఉందన్నాడు యజ్ఞనారాయణ. మరి పడవెందుకని అడిగితే, ఇంక దాచడానికి ఏమీ మిగలలేదు కనుక, గోదావరితో మొదలుపెట్టి కండువా దాకా చెప్పేశాడు. పైన బస్తాలూ ఫ్రిజ్‌లూ ఎక్కించిన వాళ్ళకు కోపం రావలసిందే. ఈలోగా అవ్వ మనవడి వీపు మీద నుంచి, నన్ను ఎక్కియ్యకుండనే అయిపోయిందా అని ఏడుపు మొహం పెట్టింది. అవ్వను ఇసుకలో ఉన్న పడవలోనే కూర్చోబెట్టి, నలుగురూ చేరి కాసేపు ఊపారు. ఆ నవ్వుల్లో కోపం సంగతి అందరూ మరిచిపోయారు.

సందు చూసుకుని యాదయ్య దగ్గరికి వచ్చాడు. వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, గా స్టీరింగు ఇంజనుకు బిగించేది. ఇంజను ఇంక మేడ్చల్‌లనే ఉన్నది. కింది చక్రాలకు, దానికి సంబంధమే లేదు. ఎడమ పక్క గుంత ఉన్నది సూడుండ్రి, గందుల పడి తిరిగింది."

యజ్ఞనారాయణ గుంత వైపు చూశాడు. తరువాత భార్య వైపు చూశాడు. ఆవిడ తడిసిన కొంగు పిండుకుంటూ, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆయన ఎలా తప్పించారో దుర్గాబాయికి చేతులు తిప్పి చూపిస్తోంది. "ఆ సంగతి నీలోనే ఉంచుకో యాదయ్యా" అన్నాడాయన.

రెండు నెలల తరువాత అలియాబాద్‌లో ఒక పెళ్ళి. పంక్తిలో పప్పు వడ్డించారు. హేమచంద్ గొంతు సవరించుకుని, ఆ రోజు నడి గోదావరిలో మా బావగారు, అని మొదలుపెట్టాడు. ఈసారి పార్వతీదేవి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"నీళ్ళ మీద ఎవరికైనా కడుపు తిప్పుతుందిలేరా. నాకు నేల మీదే తిప్పింది. ఆ వేళ మీ బావగారు స్టీరింగు తిప్పకపోతే ఈ పంక్తిలో నేనుండేదాన్ని కాదు."

హేమచంద్ పప్పు కలుపుకున్నాడు. యజ్ఞనారాయణ వినయంగా తల దించుకున్నాడు. ఆ రెండు నెలల్లో ఆయన, చుక్క కూడా కారని తన ఇంటి ట్యాంకును యాదయ్య చేత రెండుసార్లు బాగు చేయించాడు.