మనోసెలవు

రాబోయే ముప్పై రోజుల్లో తన శాఖలో ఒత్తిడి అనేది మచ్చుకైనా కనిపించకూడదని మంత్రిగారు ఆదేశించారు. కనిపిస్తే సంబంధిత అధికారిదే బాధ్యత అని కూడా అన్నారు. ఆ మాట విన్న క్షణం నుంచే అధికారులందరికీ ఒత్తిడి మొదలైంది. కాకపోతే అది పథకం ప్రారంభానికి ముందు వచ్చింది కాబట్టి లెక్కలోకి రాదు.

మంత్రిగారు మనసున్న మనిషి. అంతకుముందు నెల ఆకస్మిక తనిఖీకి వెళ్ళారు. ఆకస్మిక తనిఖీ అని మూడు రోజుల ముందే పేపర్లో వేశారు. అయినా ఒక్క ఉద్యోగి మొహంలో కూడా నవ్వు లేదు. "నన్ను చూసి కూడా నవ్వలేదంటే వాళ్ళు ఎంత బాధలో ఉన్నారో అర్థం చేసుకోండి" అని ఆయన విలేకరుల ముందు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళు తుడుచుకున్నారని కొన్ని పత్రికలు రాశాయి.

ఒక కుర్ర విలేకరి లేచి, "ఖాళీ పోస్టులు భర్తీ చేస్తే ఒత్తిడి అదే తగ్గుతుంది కదండీ?" అన్నాడు.

"చూశారా, పాపం మీరు కూడా ఒత్తిడిలో ఉన్నారు" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

అలా ప్రతి కార్యాలయానికీ ఒక లైఫ్ కోచ్ మంజూరయ్యాడు. జనన మరణ ధ్రువపత్రాల ఆఫీసుకు కూడా ఒకాయన వచ్చాడు.

ఆ ఆఫీసు అంటే జనానికి తెలిసినంతవరకు ఒక గాజు కిటికీ, చెయ్యి పట్టేంత కంత, దాని వెనక కౌంటరక్క. ఆవిడకు వేరే పేరుందని సర్వీసు పుస్తకానికి తెలుసు. క్యూలో నిలబడే వాళ్ళు, ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా, "అక్కా, నాది కాస్త చూడక్కా" అనే పిలుస్తారు. కిటికీ వెనక కుర్చీలు మూడున్నాయి. ఎడమ పక్క కుర్చీ మనిషి నాలుగేళ్ళ క్రితం రిటైరయ్యాడు. కుడి పక్క కుర్చీ మనిషికి బదిలీ అయింది. వాళ్ళ స్థానంలో ఎవరూ రాలేదు. ఒక కుర్చీలో పాత రిజిస్టర్లు, ఇంకో కుర్చీలో ఆవిడ లంచ్ బ్యాగు కూర్చుంటాయి. మూడు కుర్చీల పనీ నాలుగేళ్ళుగా కౌంటరక్క ఒక్కతే చేస్తోంది.

ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ కాగితం ఇచ్చే కౌంటరక్క సొంత మనవరాలిని మాత్రం ఫోన్లో తప్ప చూడలేదు. కూతురు ఉండేది వేరే ఊళ్ళో. పాప పుట్టి నాలుగు నెలలైంది. వచ్చే నెల ఒకటో తారీకున కూతురు తిరిగి ఉద్యోగంలో చేరాలి. పిల్లల్ని చూసే కేంద్రంలో పదకొండో తారీకు వరకూ చోటు లేదన్నారు. వియ్యపురాలు మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉంది.

"అమ్మా, ఆ పది రోజులు నువ్వొచ్చి దీన్ని పట్టుకోకపోతే నేను ఉద్యోగం మానుకోవాల్సిందే" అంది కూతురు.

కౌంటరక్క మూడుసార్లు సెలవు చీటీ పెట్టింది. మూడుసార్లూ సూపరింటెండెంట్ గారు ఒకే మాట అడిగారు. "మీరు వెళ్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారమ్మా?" న్యాయమైన ప్రశ్నే. ఆయనకు జవాబు తోచలేదు, కాబట్టి సెలవు ఇవ్వలేదు.

లైఫ్ కోచ్ తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు. ఇంతకుముందు ఇన్సూరెన్సులో ఉండేవాడు. మనుషుల భయాలతో ఆయనకు పరిచయం అక్కడే అయింది. రికార్డు రూములో ఒక బల్ల సర్దించుకుని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాడు.

"మీ ఒత్తిడికి కారణం ఏమిటనుకుంటున్నారు మేడమ్?"

"అనుకోవడం ఎందుకండీ, కళ్ళ ముందే ఉంది. ఆ రెండు ఖాళీ కుర్చీలు."

"అవి ఖాళీగా ఉన్నాయని మీరు బాధపడుతున్నారు. మీకు విశాలంగా చోటిస్తున్నాయని ఎందుకు సంతోషించకూడదు?"

కౌంటరక్క తలుపు సందులోంచి కుర్చీల వైపు చూసి, సంతోషించడానికి ప్రయత్నించింది. రిజిస్టర్లు అడ్డొచ్చాయి.

"సరే, మీకు నిజంగా ఏం కావాలి? లోపల్నించి చెప్పండి."

"పది రోజుల సెలవు కావాలండీ."

కోచ్ కుర్చీలోంచి లేచాడు. "ఇన్సూరెన్సు రోజుల్నించీ ఇరవై ఏడు ఆఫీసులు తిరిగాను మేడమ్. తనకేం కావాలో ఇంత స్పష్టంగా చెప్పిన మనిషి మీరొక్కరే!" అని, అక్కడికక్కడే 'ఈమెకు పది రోజుల విశ్రాంతి అత్యవసరం' అని రాసి సంతకం పెట్టాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఏం కావాలని తనను ఒకరు అడగడం, చెప్పింది కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి. కౌంటరక్కకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ సాయంత్రమే బస్సు టైములు కనుక్కుంది.

ఆ కాగితం చూసి సూపరింటెండెంట్ గారు నీళ్ళు నమిలారు. "సెలవు ఇవ్వడం కుదరదు. మంత్రిగారి పథకాన్ని కాదనడం అసలే కుదరదు. ఎలాగండీ ఇప్పుడు?"

కోచ్ ఒక టీ తాగేంతసేపు ఆలోచించాడు. "అసలు సెలవంటే ఏమిటి సార్? మనిషి కుర్చీలో లేకపోవడమా, మనసు ఆఫీసులో లేకపోవడమా?"

"రెండోది మా ఆఫీసులో చాలా కాలంగా ఉంది" అన్నారు సూపరింటెండెంట్ గారు నిజాయితీగా.

ఆ విధంగా మనోసెలవు పుట్టింది. రోజూ పదకొండు గంటలకు కౌంటరక్క కుర్చీలోనే పావుగంట కళ్ళు మూసుకోవాలి. మనసులో వెళ్ళాల్సిన చోటికి వెళ్ళిరావాలి. పక్కన కోచ్ డైరీ పట్టుకుని నిలబడతాడు. అలా పది రోజులు. రోజుకొక ఫారం మీద సంతకం. ఊళ్ళో అందరి ఫారాలూ మూడేసిసార్లు చదివే కౌంటరక్క ఆ ఫారం ఒక్కటి చదవలేదు. కిటికీ అవతల జనం గాజు కొడుతుంటే చదివే తీరిక ఎక్కడిది?

మొదటి రోజు కోచ్ మెల్లగా అడిగాడు. "ఎక్కడున్నారు మేడమ్?"

"బస్టాండులో."

"చాలా బాగుంది. బస్సెక్కండి."

"ఇంకా రాలేదండీ."

రెండో రోజు కూడా బస్సు రాలేదు. "ఇది మీ ఊహే కదా మేడమ్, విమానంలో వెళ్ళిపోండి" అన్నాడు కోచ్.

"నా గ్రేడుకి విమానం లేదండీ" అంది కౌంటరక్క కళ్ళు తెరవకుండానే.

మూడో రోజుకు బస్సు దొరికింది, సీటు దొరకలేదు. నాలుగో రోజు కూతురి ఇల్లు చేరింది. అయిదో రోజు పాపను ఎత్తుకుంది. ఆ రోజు ఆవిడ మొహం చూసి కోచ్ డైరీ మూసి పట్టుకున్నాడు. పాప మెడ దగ్గర పాల వాసన కూడా తెలిసిందని ఆవిడ తర్వాత చెప్పింది. ఆరో రోజు పాపకు లాలపోసింది. నిజం చెప్పొద్దూ, ఆ పావుగంట ఆవిడకు బాగానే ఉండేది. కళ్ళు తెరిస్తేనే ఇబ్బంది. అప్పటికి క్యూ మెట్ల దాకా వెళ్ళి ఉండేది.

ఒకసారి ఒక పెద్దాయన కంతలోంచి తొంగిచూసి, "అక్కా, నిద్రపోతున్నావా?" అని అరిచాడు.

"ష్! ఆవిడ ఊళ్ళో లేరు" అన్నాడు కోచ్.

"మరి ఎదురుగా కూర్చున్నది ఎవరు నాయనా?"

"అది శరీరం అండీ."

పెద్దాయన తన వెనకున్న వాళ్ళ వైపు తిరిగి, "శరీరమట. మరణం ఫారం కూడా ఇక్కడే ఇస్తారుగా" అన్నాడు.

మనోసెలవు సంగతి ఆ నోటా ఈ నోటా మంత్రిగారి చెవిన పడింది. ఆయన ముచ్చటపడి శాఖ అంతటా అమలు చేయించి, మళ్ళీ విలేకరుల్ని పిలిచారు. పన్నెండు వేల మంది ఉద్యోగులకు తలా పది రోజుల చొప్పున లక్షా ఇరవై వేల రోజుల సెలవు ఇచ్చామని, ఒక్కరు కూడా కుర్చీలోంచి లేవలేదని, చరిత్రలో ఇంత సెలవు ఇచ్చిన మంత్రి లేడని ప్రకటించారు. ఆ మూడు మాటల్లో ఒక్క అబద్ధం లేదు.

నెలాఖరు వచ్చింది. కౌంటరక్క అసలు సెలవుకు చీటీ రాసి, కోచ్ సిఫారసు దానికి గుచ్చి, సూపరింటెండెంట్ గారి బల్ల మీద పెట్టింది. ఆయన సర్వీసు పుస్తకం తెరిచి ఆవిడ వైపు తిప్పారు.

"మీ పది రోజులూ అయిపోయాయి కదమ్మా."

"అయిపోవడమేంటి సార్? నేనెక్కడికీ వెళ్ళలేదు కదా!"

"ఎందుకు వెళ్ళలేదు? అన్నీ కోచ్ గారి డైరీలో ఉన్నాయి. ఆరో రోజు మనవరాలికి లాలపోశారు. ఎనిమిదో రోజు జోల పాడారు. రోజూ మీరు సంతకం పెట్టిన ఫారాలు ఇవిగో. ఇంకా ఎన్నిసార్లు ఇవ్వమంటారు ఒకే సెలవు?"

కౌంటరక్క చీటీ వెనక్కి తీసుకుంది. రికార్డు రూములోకి వెళ్ళి బీరువా చాటున నిలబడి ఏడ్చింది. ఏడుస్తుండగానే ఫోను మోగింది.

"అమ్మా, సెలవు ఇచ్చారా?" అంది కూతురు.

"ఇచ్చేశారు తల్లీ."

"హమ్మయ్య! ఎప్పట్నుంచి?"

"అయిపోయింది కూడా."

మర్నాడు ఆఫీసుకు వచ్చే బస్సులో, రాడ్డు పట్టుకుని నిలబడి, కౌంటరక్క తనకు జరిగినదాన్ని మొదట్నుంచీ ఒకసారి చూసుకుంది. తప్పుడు ఫారాలు పట్టుకోవడం ఆవిడ వృత్తి. తారీకుకూ సంతకానికీ పొసగకపోతే ఇట్టే తెలిసిపోతుంది. దిగాల్సిన స్టాపు వచ్చేసరికి ఆవిడ ఏడుపు పోయి, కోపం వచ్చి, అది కూడా పోయి, చిన్న నవ్వు వచ్చింది.

నేరుగా సూపరింటెండెంట్ గారి గదికి వెళ్ళింది. కోచ్ కూడా అక్కడే ఉన్నాడు. మంత్రిగారు వచ్చే గురువారం ఈ ఆఫీసుకే వస్తున్నారట, ఇద్దరూ ఆ ఏర్పాట్లలో ఉన్నారు.

"సార్, చిన్న సందేహం. ఆ పది రోజులూ నేను సెలవులో ఉన్నట్టేనా?"

"రికార్డు ప్రకారం ఉన్నట్టేనమ్మా."

"మరి ఆ పది రోజుల్లో నేను సంతకం పెట్టిన రెండు వేల నూట నలభై సర్టిఫికెట్లు? సెలవులో ఉన్న మనిషి సంతకం చెల్లదు కదండీ. వాళ్ళందరూ ఇప్పుడు పుట్టినట్టా, పుట్టనట్టా? పోయినవాళ్ళు పోయినట్టా, ఉన్నట్టా? పై ఆఫీసుకు రాసి కనుక్కోమంటారా?"

సూపరింటెండెంట్ గారికి ముచ్చెమటలు పోశాయి. "సెలవు రద్దు చేస్తే?" అన్నారు కోచ్ చెవిలో.

"లక్షా ఇరవై వేల రోజులని మంత్రిగారు చెప్పేశారు సార్. పది తగ్గితే పేపర్ల వాళ్ళు పట్టుకుంటారు" అన్నాడు కోచ్, ఆయన చెవిలోనే.

"కంగారు పడకండి సార్" అంది కౌంటరక్క ఊరడింపుగా. "కోచ్ గారూ, మీ పద్ధతిలో మనసు ముఖ్యమా, మనిషి ముఖ్యమా?"

"మనసే మేడమ్! మనసే సర్వం!"

"అప్పుడు మనిషి డ్యూటీలో, మనసు సెలవులో. అది సెలవు కింద రాశారు. ఇప్పుడు పది రోజులు మనిషిని మా అమ్మాయి ఇంటికి పంపించి, మనసుని కౌంటర్లో పెడతాను. అది డ్యూటీ కింద రాయండి. సెలవు అడగడం లేదు. పథకం ప్రకారం పని చేస్తానంటున్నాను. ఆ నాటి సంతకాల సంగతి నేనిక ఎత్తను."

కాదంటే మనోసెలవు తప్పవుతుంది. అది తప్పయితే మంత్రిగారు తప్పవుతారు. అది ఆ శాఖలో ఇంతవరకూ జరగలేదు.

"మరి ఆ కుర్చీలో..." అన్నారు సూపరింటెండెంట్ గారు.

"నేనే ఉంటాను సార్. కాకపోతే కనబడను."

ఒకటో తారీకు ఉదయం కౌంటరక్క కూతురి ఇంటి తలుపు తట్టింది. పాప ఫోన్లో కంటే బరువుగా ఉంది. ఎత్తుకోగానే అమ్మమ్మ ముక్కు పట్టుకుని ఇక వదల్లేదు. కూతురు హాయిగా ఉద్యోగానికి వెళ్ళింది.

ఇక్కడ కౌంటర్లో, మనసు సంతకాలు చేయలేదని మొదటి గంటలోనే తేలింది. సూపరింటెండెంట్ గారే ఒక స్టూలు లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నారు. కౌంటరక్క కుర్చీలో కూర్చుందామంటే ఆవిడ అందులో డ్యూటీలో ఉంది. మధ్యాహ్నానికి ఆయన గొంతు పోయింది. మూడో రోజుకు మెడ పట్టేసింది. కానీ క్యూ మాత్రం ఎలాగో కదులుతూనే ఉంది.

గురువారం మంత్రిగారు ఫోటోగ్రాఫర్లతో సహా దయచేశారు. మనోవిధులు నిర్వహిస్తున్న తొలి ఉద్యోగిని ఏరని అడిగారు. కోచ్ మధ్య కుర్చీని చూపించాడు. మంత్రిగారు వంగి ఆప్యాయంగా అడిగారు.

"ఏమ్మా, పని ఒత్తిడేమైనా ఉందా?"

కుర్చీ ఏమీ అనలేదు.

"పై అధికారుల మీద ఫిర్యాదులు?"

అవీ లేవు. మంత్రిగారి కళ్ళు మెరిశాయి. "ఎన్ని తనిఖీలు చేశాను! అడగంగానే ఖాళీలు, ఇంక్రిమెంట్లు అని ఏకరువు పెట్టని ఉద్యోగి నాకు ఇదే మొదలు. ఉత్తమ ఉద్యోగి అవార్డు ఈ అమ్మాయికే!" అని, కుర్చీ వీపుకు తన చేత్తోనే బ్యాడ్జీ తగిలించారు. అప్పుడే స్టూలు మీద చెమటలు కక్కుతున్న సూపరింటెండెంట్ గారు కనిపించారు. "ఇతనెవరు? ఇంత ఒత్తిడిలో ఉన్న మనిషిని కౌంటర్లో ఎలా కూర్చోబెట్టారు? ముందు ఇతన్ని కోచింగుకు పంపండి." తర్వాత ఆయన చూపు పక్కనున్న రెండు కుర్చీల మీద పడింది. "అవి?" అన్నారు. కోచ్ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారు చాలాసేపు ఆనందించారు.

మర్నాడు సాయంత్రం కూతురు ఉద్యోగం నుంచి పేపరు పట్టుకుని వచ్చింది. పాప అమ్మమ్మ ఒళ్ళో బోర్లాపడి కేరింతలు కొడుతోంది.

"అమ్మా, ఉత్తమ ఉద్యోగి నువ్వేనట! పెద్ద ఫోటో వేశారు. ఇందులో మంత్రిగారున్నారు, ఎవరో తెల్ల బూట్లాయన ఉన్నాడు. నువ్వేదీ?"

కౌంటరక్క కళ్ళజోడు సర్దుకుని ఫోటో మీద వేలు పెట్టింది. "ఇదిగో, మధ్యలోది నేను."

"మరి అటూ ఇటూ ఉన్న రెండు కుర్చీలు?"

"కొత్తగా ఉద్యోగంలో చేరారటే. కింద రాశారు చూడు."