ఆరోగ్యానికి సగం బన్ను

మితంగా తింటే బన్ను కూడా మందేనని స్వీడన్‌లోని లిల్లోస పట్టణ ఆరోగ్య సంఘాధ్యక్షులు ఎలోఫ్ స్ట్రాండ్‌మన్ గారు ప్రకటించారు. ఆ సమయంలో ఆయన చేతిలో మూడో బన్ను ఉందని గిట్టనివాళ్లు అంటారు. అది అబద్ధం. చేతిలో ఉన్నది రెండోది, మూడోది పళ్లెంలో ఉంది.

"కాఫీ చెడ్డది కాదు, వెన్న చెడ్డది కాదు, ఆ మాటకొస్తే బీరూ చెడ్డది కాదు. కొలత తెలియకపోవడం చెడ్డది. ఆ కొలతేదో మా కమిటీ ఏడాదిలోగా తేల్చేస్తుంది," అన్నారు పత్రికలవారితో. వచ్చిన విలేకరి ఒక్కడే. బహువచనం ఆయన సంస్కారం.

ఆ మాట గున్‌వోర్ చెవిన కూడా పడింది. ఇరవై రెండేళ్లుగా పురపాలక భవనంలో కాఫీగది ఆమెదే. పొద్దున తొమ్మిదిన్నరకు, మధ్యాహ్నం మూడింటికి ఠంచనుగా కాఫీ, యాలకుల బన్నులు. ఊరు తిండి తగ్గిస్తే ముందు ఊడేది తన గదేనని గ్రహించడానికి ఆమెకు కమిటీ అక్కర్లేదు. ఆ గది లేని జీవితం ఆమె ఊహకే అందలేదు.

మొదటి సమావేశానికి ఏడుగురు సభ్యులు వచ్చారు. గున్‌వోర్ ఎనిమిది బన్నులు పెట్టింది. ఏడు చిటికెలో మాయమయ్యాయి. ఎనిమిదోదాని జోలికి ఎవరూ పోలేదు. పళ్లెంలో చివరి ముక్క తీసుకున్నవాడికి లిల్లోసలో పిల్లనివ్వరు. కాసేపు అందరూ కిటికీలోంచి మంచు చూశారు. తర్వాత డాక్టర్ సిగ్రిడ్ కత్తి అందుకుని, బన్ను సగానికి కోసి ఒక సగం తీసుకుంది. పక్కనున్న ఇంజనీరు మిగిలినదాంట్లో సగం తీసుకున్నాడు. ఎలోఫ్ గారు ఆ మిగిలిన పావులో సగం తీసుకున్నారు.

"చూశారా," అన్నారాయన, ఏదో వెలిగినట్టు. "ఎవరికీ పూర్తి బన్ను అక్కర్లేదు. సగమే సహజమైన కొలత."

"దానికి ముందు తలా ఒకటి తిన్నారుగా," అంది గున్‌వోర్ కాఫీ పోస్తూ.

"అప్పటికింకా సమావేశం మొదలవలేదు గున్‌వోర్. అది మినిట్స్‌లోకి రాదు."

తీర్మానం సిద్ధమైంది గాని ఆయన వెంటనే సంతకం పెట్టలేదు. బల్లమీద పళ్లెం ఖాళీ అయితేగాని ఆయన కలం మూత తీయరు. ఒకప్పుడు వెన్న మరకతో ఒక కాగితం రాజధానికి వెళ్లి, వెనక్కి తిరిగొచ్చింది. అప్పటినుంచీ అది నియమం. ఆ రోజు ఇంజనీరు కుక్క అదృష్టవశాత్తూ లోపలికొచ్చి చివరి ముక్క కాజేసింది. కుక్కలను భవనంలోకి రానివ్వరాదని రెండో తీర్మానం చేశారు.

మర్నాటినుంచి ఊళ్లో ప్రతి కార్యాలయంలోనూ సగం బన్ను, సగం కప్పు. సగమే కదా అని జనం ఇంకో సగం తీసుకున్నారు. రెండూ సగాలే కదా అని మూడోది. గున్‌వోర్ రోజుకు నలభై బన్నులు కాల్చేది తొంభైకి చేరింది. ఎలోఫ్ గారు బెల్టు మానేసి భుజాల పట్టీలకు మారారు. ఆరోగ్యం పుంజుకుందని డాక్టర్ సిగ్రిడ్ రాసుకుంది. గున్‌వోర్ మనసు కుదుటపడింది.

ఏడాది చివర నివేదిక వచ్చింది. లిల్లోసలో తిన్న పూర్తి బన్నుల సంఖ్య సున్నా. రాజధానినుంచి అభినందన పత్రం కూడా వచ్చింది. దాన్ని గోడకు తగిలించాక ఎలోఫ్ గారు కాఫీగదికి స్వయంగా వెళ్లారు.

"ఇది నీ విజయం కూడా. ఊరు నీ గది అవసరం లేని స్థాయికి ఎదిగింది. ఒకటో తేదీనుంచి మూసేస్తున్నాం."

గున్‌వోర్ చేతిలోని అట్లకాడ కింద పెట్టింది. "మరి ఈ బన్నులన్నీ ఎవరు తింటున్నారు ఎలోఫ్?"

"ఎవరూ తినడం లేదు. పట్టిక చూడు."

"పొద్దున నువ్వే ఆరు మింగావు."

"సగాలు. పూర్తి గడిలో సున్నాయే పడింది. లెక్కతో పోట్లాడకూడదు," అన్నారాయన జాలిగా. "మూడింటికి సంతకం. ఏడుగురం వస్తున్నాం, కాస్త వెచ్చగా పంపించు."

ఆయన వెళ్లాక ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుంది. ఏడుగురికి పద్నాలుగు సగాలు లెక్కపెట్టి పళ్లెంలో సర్దింది. కొంచెం ఆలోచించి పదిహేనోది కూడా పెట్టింది. కుక్క రాకుండా తలుపు వేసింది.

మూడుంపావుకల్లా పద్నాలుగూ అయిపోయాయి. ఎలోఫ్ గారు కలం పట్టుకుని పళ్లెం వైపు చూశారు.

"ఎవరైనా తీసుకోండి."

"నువ్వే తీసుకో ఎలోఫ్," అంది డాక్టర్.

"నాకు చాలు. మితంగా ఉండాలి."

"నాకూ అంతే," అన్నాడు ఇంజనీరు, దాన్ని సగానికి కోస్తూ.

అయిదింటికి సమావేశం వాయిదా పడింది. మర్నాడు కొనసాగింది. సమావేశం అన్నాక కాఫీ ఉండాలి, కాఫీ అన్నాక బన్నులుండాలి. ఆ వారం అలాగే గడిచింది, ఒకటో తేదీ కూడా.

ఇప్పుడు ఏప్రిల్. ఆ పాత ముక్క ఆవగింజంత అయింది. నిన్న ఎలోఫ్ గారు కళ్లద్దాలు సవరించుకుని, ఇంతకన్నా సన్నటి కత్తి ఉందా అని అడిగారు. గున్‌వోర్ తెచ్చిచ్చింది. అంతకుముందే దాన్ని సాన పట్టించి ఉంచింది. తర్వాత తన గదిలోకి వెళ్లి, మర్నాటికి పిండి కలిపింది.