మెట్లెక్కిన గుండె, లిఫ్టెక్కిన గుండె

లిఫ్టు మెకానిక్కుని పట్టుకుని రోజూ మెట్లెక్కమనడమంటే వంటవాణ్ణి పస్తుండమన్నట్టే. అయినా డాక్టరు మొహమాటం లేకుండా అదే అన్నాడు.

"మీ ఇంటికి ఐదంతస్తులూ కాళ్ళతోనే ఎక్కండి. కాళ్ళు పనిచేస్తే వాటికి గాలి ఎక్కువ కావాలి. ఆ గాలిని ఊపిరితిత్తులు లాగాలి, రక్తం మోసుకెళ్ళాలి, ఆ రక్తాన్ని గుండె తోయాలి. అందుకే ఆయాసం, అందుకే దడ. మీకు రెండూ కావాలి."

"అంటే లోడు పెరిగితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందన్నమాట. పాత మోటారుకి లోడు తగ్గిస్తారు గానీ పెంచుతారేంటండీ?" అన్నాడు మెకానిక్కు.

జవాబు బయటికొచ్చాక భార్య చెప్పింది.

"మెట్లెక్కుతారా, మా తమ్ముణ్ణి పిలిపించమంటారా?"

ఆ తమ్ముడు బడిలో డ్రిల్లు మాస్టారు. మెళ్ళో విజిల్ తియ్యకుండానే నిద్రపోయే రకం. కిందటిసారి చుట్టపుచూపుగా వచ్చి, బావగారిని వారం రోజులు వరండాలో కప్పలా గెంతించాడు. ఆ వారం తలుచుకుంటే మోకాళ్ళు ఇప్పటికీ మూలుగుతాయి.

"ఎక్కుతానే తల్లీ, ఎక్కుతాను!"

సాయంత్రం పని నుంచి రాగానే గుమ్మంలోనే నాడి చూస్తానంది ఆవిడ. "ఆయాసం ఎవరైనా నటిస్తారు. నాడి నటించదు."

మెకానిక్కు పథకం సిద్ధం. నాలుగో అంతస్తు దాకా దర్జాగా లిఫ్టు. అక్కడ దిగి కొలిమితిత్తిలా నాలుగు బుసలు. మిగిలిన మెట్లు పెళ్ళినడకన. గుమ్మం చేరేసరికి ఆయాసమైతే వచ్చింది. గుండె మాత్రం గవర్నమెంటు ఆఫీసులా తాపీగా నడుస్తోంది. అయిపోయానురా అనుకుంటూ చెయ్యి చాపాడు.

భార్య వేళ్ళు తగిలాయో లేదో, గుండె తోకకి నిప్పంటుకున్నట్టు పరుగెత్తింది.

"ఫరవాలేదే, బాగానే ఎక్కారు!" అందావిడ.

అతనికి నమ్మశక్యం కాలేదు. లోడు లేకుండానే మోటారు తిరుగుతోంది! పెళ్ళాం ఎదురుగా నిలబడితే వ్యాయామం అయిపోతుందని తెలిస్తే డాక్టర్లు ఏమైపోతారో పాపం అనుకున్నాడు.

కానీ ఎంత భయమైనా వాడగా వాడగా అరిగిపోతుంది. కొన్నాళ్ళకి గుండె ఆవిడకీ అలవాటుపడిపోయింది.

"ఇవాళేంటి, నాడి ఇంత బద్ధకంగా ఉంది? తమ్ముడికి ఫోన్ చెయ్యనా?"

"వద్దొద్దు! రేపు చూడు నా తడాఖా!"

మర్నాడు నాలుగో అంతస్తులో కళ్ళు మూసుకుని, రెండింతల జోరుతో ఊదడం మొదలుపెట్టాడు. ఒంట్లో పని లేదు, ఊపిరి మాత్రం రైలింజను. కాసేపటికి వేళ్ళు తిమ్మిరెక్కాయి, తల గిర్రున తిరిగింది, కళ్ళు తెరిస్తే ఒక్కో మెట్టూ రెండేసిగా కనిపించింది. అక్కడే చతికిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే నాలుగో అంతస్తు పెద్దమ్మ చెత్తబుట్టతో బయటికొచ్చింది. ఆవిడ గొంతెత్తితే ఫైరింజనైనా పక్కకి తప్పుకోవాలి.

"అయ్యయ్యో! లిఫ్టబ్బాయి పోతున్నాడర్రా!"

టపటపా తలుపులు తెరుచుకున్నాయి. ఒకాయన విసనకర్రతో విసిరాడు. ఇంకొకాయన మొహాన చెంబుడు నీళ్ళు కొట్టాడు. 'నాకేం కాలేదు' అందామంటే మెకానిక్కుకి ఊపిరి అందలేదు.

"మాట పడిపోయింది!" అంది పెద్దమ్మ.

అతన్ని కుర్చీలో కూలేశారు.

"లిఫ్టులో తీసుకెళ్దాం."

"వద్దు బాబూ, అది మధ్యలో ఆగిపోతే? బాగుచేసేవాడే ఇలా ఉన్నాడాయె!"

అలా ఆఖరి మెట్లు కూడా నలుగురి భుజాల మీదే ఎక్కాడు.

గుమ్మంలో భార్య మొహం పాలిపోయింది. పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. నాడి దబదబలాడుతోంది. కానీ కాళ్ళకేసి చూస్తే, అవి కుర్చీ అంచున నిక్షేపంగా ఊగుతున్నాయి. ఆవిడ వంగి అతని చెవిలో మెల్లగా అంది.

"ఏవండీ, మా తమ్ముడికి సెలవు దొరకలేదట. ఇంక రాడట."

ఆవిడ వేళ్ళ కింద గుండె దడ జర్రున కిందికి దిగిపోయింది.

ఆవిడ చెయ్యి వదిలేసి నడుం మీద చేతులేసుకుంది. "మీరంతా ఇళ్ళకెళ్ళండి బాబూ. ఈయనకి జబ్బూ లేదు, మెట్లూ లేవు."

"అదేంటే!" అన్నాడు మెకానిక్కు. మాట దానంతటదే తిరిగొచ్చింది.

"మీ లిఫ్టు చెడినప్పుడల్లా కూరల సంచితో ఎక్కి చచ్చేది నేను. నాకు తెలీదా? మెట్లెక్కిన గుండె నెమ్మదించాలంటే చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, మిమ్మల్ని కడుపారా తిట్టేంతసేపు పడుతుంది. కాళ్ళు అడిగిన గాలి కాళ్ళకి అందాలిగా! మీది బటన్ నొక్కినట్టు దిగింది."

నలుగురూ కుర్చీని దబ్బున దించారు. "నీళ్ళు దండగ!" అని సణుక్కుంటూ పెద్దమ్మ చెత్తబుట్ట అందుకుంది.

"పోనీలే, మీ తమ్ముడైతే రావట్లేదుగా?" అన్నాడు మెకానిక్కు నీరసంగా.

వంటింట్లోంచి విజిల్ వినిపించింది. అది కుక్కరుది కాదు.

మర్నాటి నుంచి అతను మెట్లెక్కుతున్నాడు. బావమరిది మాత్రం లిఫ్టులో వస్తూ, అంతస్తు అంతస్తుకీ తలుపు తీసి విజిల్ ఊదుతున్నాడు.

"భలే రిపేరు చేశావు బావా! కుదుపే లేదు!"

పైన భార్య చెయ్యి పట్టుకుని చూసి మురిసిపోయింది. "ఇదీ, మెట్లెక్కిన గుండె అంటే ఇలా కొట్టుకోవాలి!"

ఆ దడలో సగం మెట్లది కాదు, లిఫ్టులో ఉన్న వెధవ మీద కోపమని చెబుదామనుకున్నాడు. చెప్పడానికి ఊపిరేదీ?