తొమ్మిది బడులు తిరిగిన జడ్జిగారు

ఆదివారం పొద్దున్న ఐదున్నరకు యోర్లేనీ అతిథి గది తలుపు తోసేసరికి మంచం మీద విదేశీ పరిశీలకుడు లేడు.

దుప్పటి మడతపెట్టి ఉంది. కిటికీ గడియ వేసి ఉంది. బూట్లు మాయం.

యోర్లేనీ ఇంగ్లిషు టీచరు. కోస్తారికా ఎన్నికల కార్యాలయం ఆమెకు అప్పగించిన పని ఒక్కటే. నార్వే నుంచి వచ్చిన రిటైర్డు జడ్జి హాల్వర్‌గారికి ఆరింటికి కాఫీ ఇచ్చి, ఊళ్ళో బడికి తీసుకెళ్ళి పోలింగు చూపించి, సాయంత్రం క్షేమంగా రాజధానికి పంపాలి. వాళ్ళ ఊరు శాన్ గబీనోకు పరిశీలకుడు రావడం ఇదే మొదటిసారి. ఆయన రాసే నాలుగు వాక్యాల్లోనే ఊరి పరువంతా ఉంది.

ఆయన ఫోనుకు కొట్టింది. అది ఆమె సంచీలోనే మోగింది. నిన్న రాత్రి భోజనాల దగ్గర జడ్జిగారు వేసుకున్న పరిశీలకుల కోటు మీద కాఫీ ఒలకబోసింది ఆమే, ఉతికిస్తానని పట్టుకెళ్ళిందీ ఆమే. జేబులోని ఫోనూ, గుర్తింపు కార్డూ దాంతోపాటే వచ్చేశాయి. అంటే కోటూ, కార్డూ, ఫోనూ లేని ముసలాయన, స్పానిష్ నాలుగు ముక్కలకు మించి రానివాడు, ఎన్నికల రోజున ఎటో వెళ్ళిపోయాడు.

ఏడింటికి రాజధానిలోని ఎన్నికల కార్యాలయం నుంచి ఫోను.

"అతిథిగారు కులాసానా?"

"స్నానం చేస్తున్నారండీ."

తొమ్మిదింటికి మళ్ళీ. "ఇంకా స్నానమేనా అమ్మా?"

"అబ్బే, కాదండీ. కడుపులో కాస్త తేడా చేసింది."

నోరు జారాక వెనక్కి తీసుకునే వీల్లేదు. పదింటికల్లా రాజధానివాళ్ళు పురమాయించిన అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆగింది. దాని వెనకే గరిటెతో డోన్యా మాయెలా, అంటే మాయెలమ్మగారు, వచ్చింది. రాత్రి జడ్జిగారు తిన్న కజ్జికాయల్లాంటి ఎంపనాడాలు వేయించింది ఆవిడే.

"నా ఎంపనాడాలు తిని కడుపు చెడిందని ఊరంతా కూస్తోంది! ముప్పై ఏళ్ళుగా వేయిస్తున్నాను, ఒక్కడికి పులితేన్పు కూడా రాలేదు! ఏడీ ఆ జడ్జి? నా కళ్ళ ముందు ఇంకో రెండు తినమను!"

"తినడానికి ఆయనుంటే కదా డోన్యా!" యోర్లేనీ ఏడ్చేసింది. "పొద్దున్నించీ కనబడ్డం లేదు."

గరిటె కిందికి దిగింది. కబురు మాత్రం పైకి లేచింది.

నారింజ జెండా పార్టీ డేరా పెద్ద డోన్ ఫెర్మీన్ తొడ చరిచాడు. "ఇది ఊదా జెండావాళ్ళ పనే. ఆయన్ని దాచేసి మా మీదకు తోస్తారు!"

ఊదా డేరాలోంచి జవాబొచ్చింది. "మా దగ్గరుంటే దాచడమెందుకయ్యా? మీకన్నా చిక్కటి కాఫీ పోసి ముందు కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళం!"

తిట్టుకుంటూనే అందరూ వెతకడానికి బయల్దేరారు. నారింజవాళ్ళ వ్యాను ఏటవాలు ఎక్కలేక మొరాయిస్తే ఊదావాళ్ళు నెట్టి, వాళ్ళూ అందులోనే ఎక్కారు. ఒకే బండికి రెండు జెండాలు కనబడేసరికి రెండు పార్టీలకూ పొత్తు కుదిరిందని రేడియో చెప్పేసింది. అది కాదనడానికి ఇద్దరు నాయకులూ పక్కపక్కనే నిలబడి మాట్లాడితే, పొత్తు ఖాయమేనంది. ఇంత గోలలోనూ వెతికేవాళ్ళు ఒక్కొక్కరే దిగి, వరసలో నిలబడి, ఓటేసి మళ్ళీ బండెక్కారు. జడ్జి దొరక్కపోతే రేపు వెతకొచ్చు, ఓటుకు మాత్రం రేపు లేదు.

సాయంత్రం ఐదింటికి ఊదా జెండా కట్టిన జీపు ఒకటి, బురదలో మునిగి లేచినట్టున్నది, బడి ముందు ఆగింది. నడుపుతున్నది డోన్ ఎలియేసెర్. ప్రతి ఎన్నికకూ, ఏ రంగువాళ్ళనైనా సరే, ఓటుకు చేరవేసే మనిషి. పక్క సీట్లో ఎండకు కందిపోయిన ముఖంతో జడ్జిగారు!

యోర్లేనీ పరుగెత్తింది. ఆమె నోరు తెరిచేలోగా జడ్జిగారే ఆమె చేతులు పట్టుకున్నారు.

"అమ్మా, మీరు పంపిన బండి అద్భుతం! ఒక్క బడి చూపిస్తారనుకున్నాను, తొమ్మిది చూపించారు. దారిలో కనబడ్డ ప్రతివాణ్ణీ ఎక్కించుకున్నాడు. నారింజ టోపీ పెట్టుకున్న కళ్ళు లేని అవ్వను చేతుల మీద దించాడు. ఇక ఏ బడికెళ్ళినా తిన్నగా గోడ మీది ఓటర్ల జాబితా దగ్గరికే. పేరు పేరుకీ వేలు పెట్టి చదివాడు! నలభై ఏళ్ళ కొలువులో జాబితాలు ఇంత శ్రద్ధగా తనిఖీ చేసే డ్రైవరును చూడలేదు. నా నివేదికలో ఇదే మొదటి మాట."

యోర్లేనీ పంపిన బండి అంటూ ఏదీ లేదు. ఆమె నెమ్మదిగా జీపు వైపు తిరిగింది.

"డోన్ ఎలియేసెర్, ఆ జాబితాల్లో ఏం వెతికారు? ఈయన పరిశీలకుడు!"

పెద్దాయన టోపీ తీశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"తప్పు నాదే టీచరమ్మా. తెల్లారకుండానే మా డేరా దగ్గర నిలబడి కాఫీ వాసన చూస్తున్నాడు. 'ఓటింగుకేనా?' అన్నాను, అవునన్నాడు. ఈ కొండల్లో ఇల్లు కట్టుకుని పౌరులైపోయిన తెల్లవాళ్ళు బోలెడుమంది, ఈయనా అంతేననుకున్నా. పేరడిగితే కాయితం మీద రాసిచ్చాడు. ఒక బడిలో లేదు, రెండో దాంట్లో లేదు. ఓటేయకుండా మనిషిని ఎట్లా దించేది? ఆ కొండల్లో ఫోన్లు అంది చావవు, అడగడానికి. ఇప్పుడు తెలిసిందిలే ఎవరో. కానీ టీచరమ్మా, పోలింగుకి ఇంకా గంట టైముంది. పదో బడి ఒక్కటే మిగిలింది. కాస్త పక్కకు జరిగారంటే, అదీ చూసొచ్చేస్తాం."