ఆకాశనీలం జల్లెడ

"ఈ ఏడాది పత్తి తీతలు పూర్తయ్యేలోగా మన జిల్లాలో మలినమనేది మిగలదు. నూనెలో ఉండదు, పిండిలో ఉండదు, సిమెంటులో ఉండదు. అవన్నీ అయ్యాక మనుషుల సంగతి చూస్తాం."

తుతాబాద్ జిల్లాని ఏలే హోకిమ్ నుస్రతుల్లా కమోలోవిచ్ గారు ఏప్రిల్ నెలలో ఒక సోమవారం ఉదయం, తన ఆఫీసు గదిలో, పియాలా అనే పిడిలేని టీ కప్పులోకి తొంగి చూసి ఈ ప్రకటన చేశారు. చారిత్రక ప్రకటనలు ఊరికే పుట్టవు. ఇది పుట్టడానికి కారణం ఆ పియాలాలో టీ ఆకు కనిపించకపోవడం.

ఆ ఆఫీసులో పచ్చ టీ పోస్తే ఆకు తేలడం ఇరవై ఏళ్ళుగా ఉన్నదే. ముగ్గురు హోకిములు మారారు గాని ఆకు మారలేదు. నూనె మిల్లు వెనక షెడ్డులో ఉక్కు తీగతో జల్లెడలు అల్లే తుర్గున్ ఉస్తా, అంటే తుర్గున్ మేస్త్రీ, ఏదో సంతకం కోసం వచ్చి అది చూశాడు. మర్నాడు దర్జీవాళ్ళ వేలి తొడుగంత తీగవల ఒకటి తెచ్చి, టీ కూజా కొమ్ములో లోపలి నుంచి దూర్చి పెట్టాడు. అంతే. ఆకు కూజాలోనే ఉండిపోయింది. హోకిమ్ గారు పియాలా అడుగున వేసిన పత్తిపువ్వు బొమ్మను ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి చూశారు.

ఇంత చిన్నది ఇంత పని చేస్తే పెద్దది ఎంత చేస్తుందని ఆయన అడిగారు. రెండేళ్ళుగా ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతారేమోనని కోటు జేబులో జవాబు పెట్టుకు తిరుగుతున్నాడు తుర్గున్ ఉస్తా. నాలుగు మడతలు పెట్టిన గళ్ళ కాయితం తీసి బల్ల మీద పరిచాడు.

ఆ కాయితంలో ఉన్నది పత్తిగింజల నూనెకి వడపోత. మిల్లులో అప్పటిదాకా నూనెను గుడ్డసంచుల్లో పోసి పిండేవారు. ఎనిమిదిమంది ఆడవాళ్ళకి అదే పని. పదిహేను రోజులకో సంచి చిరిగేది, మరిగే నూనె చేతుల మీద పడేది. వాళ్ళ పెద్ద రిజ్కీఖాన్ ఓపాకి, అంటే రిజ్కీఖాన్ అక్కకి, కుడిచేతి వేళ్ళు మూడు పూర్తిగా ముడుచుకోవు. ఉస్తా తల్లి పట్టు నేసిన మనిషి. పడుగూ పేకా ఆయన ఆవిడ మగ్గం కిందే నేర్చుకున్నాడు. ఆ విద్యే ఉక్కుకి పట్టించాడు. వడపోతలో వల మూడు పొరలు. మొదటిది పెద్ద కన్నాలది, రెండోది చిన్నవాటిది. మూడోదానికి పడుగు లావు తీగ, పేక వెంట్రుకంత తీగ. ఆ పేకను ఒకదాన్నొకటి ఒరుసుకునేలా కొడితే నూనె వంకరదారుల్లో దూరి బయటపడుతుంది, మడ్డి దారి దొరక్క ఆగిపోతుంది.

హోకిమ్ గారు ఒప్పుకున్నారు. ఒకటే షరతు పెట్టారు. జూన్ నెలలో తాష్కెంటు నుంచి మంత్రిగారు వస్తారు. ఆయన చూస్తుండగా వడపోత పనిచెయ్యాలి. పనిచేస్తే షెడ్డూ మగ్గాలూ ఉస్తావి. లేకపోతే మగ్గాలు తీయించి అక్కడ జిల్లా విజయాల ప్రదర్శనశాల పెడతారు. విజయాలు పేరుకుపోయి చోటు చాలడం లేదట.

ఉస్తాకి పియాలాలో రెండు గుక్కల టీ పోయించారు. అంత తక్కువ పోశారంటే చాలా గౌరవించినట్టు. అతనికి ముందు కాలవ నీళ్ళు రావడం లేదని చెప్పుకోడానికి వచ్చిన రైతుకి అంచు దాకా నింపి ఇచ్చారు. ఆ రైతు దాన్ని ముట్టుకోకుండా లేచి, టోపీ పెట్టుకుని, గుండె మీద చెయ్యి వేసి వంగి వెళ్ళిపోయాడు. మా లోయలో మనుషులం మర్యాదస్తులం. ఎవరినీ నోరు తెరిచి వెళ్ళమనం. పియాలా నింపుతాం.

నలభై రోజులు అల్లాక ఉస్తా మూడో పొర నుంచి జానెడు ముక్క కత్తిరించి మిల్లులోకి తెచ్చాడు. రిజ్కీఖాన్ ఓపా దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఏమయ్యా ఉస్తా, నలభై రోజులకి జానెడా? మా అత్త కళ్ళు పోయాక కూడా ఇంతకంటే తొందరగా నేసేది."

"పోసి చూడు ఓపా."

బకెట్టు మూతికి బిగించి పోసింది. ఆవిడ బకెట్టులోకి వంగి చూసింది. "అడుగున తుప్పుంది. ఇన్నేళ్ళూ కనపడలేదు," అంది. ఆవిడ నోట అంతకు మించిన పొగడ్త మిల్లులో ఎవరూ విని ఎరగరు. ఆ జానెడు ముక్క బకెట్టుకే ఉంచెయ్యమంది.

మంత్రిగారు వచ్చే వారం జిల్లాకి రంగులు వేసే బాధ్యత ఉప హోకిమ్ రాయిమ్‌బెర్దీకి అప్పగించారు. అతను కార్యదక్షుడు. దారి పొడుగునా కదలని ప్రతిదానికీ రంగు వేయించాడు. మల్బరీ చెట్ల మొదళ్ళకి సున్నం, రాళ్ళకి తెలుపు, గేట్లకీ గోడలకీ స్తంభాలకీ ఆకాశనీలం. అవసరానికి మించి ఒకేచోట నిలబడ్డ గాడిద ఒకటి బుధవారం సాయంత్రం నీలంగా ఇంటికి చేరింది. టీకొట్టు ముందు బెంచీ మీద కునుకు తీసిన తాతయ్య ఒకాయన లేచేసరికి ఎడమ మోచెయ్యి జిల్లా రంగులో ఉంది. ఆయన ఫిర్యాదు చెయ్యలేదు. ప్రభుత్వం తనను పట్టించుకోవడం అదే మొదటిసారి అన్నాడు.

గురువారం తెల్లవారుజామున ఉస్తా పొరుగింటివాళ్ళ పెళ్ళి పలావుకి వెళ్ళాడు. ఆ పలావు సూర్యుడు రాకముందే పెడతారు. పిలిచాక వెళ్ళకపోతే ఏడేళ్ళు మాటలుండవు. తిని, దువా చేసి, మూతి తుడుచుకుంటూ మిల్లుకి వచ్చేసరికి గేటు దగ్గరే రంగు వాసన కొట్టింది. లోపల ఆయన వడపోత, మూడు పొరలూ విప్పి ఆరబెట్టి మళ్ళీ బిగించి, జూన్ నెల ఆకాశంలా మెరుస్తోంది.

"రాయిమ్‌బెర్దీ, దీనికి రంగు వేశావా?"

"వేశాం అకా," అన్నాడు, మా భాషలో అన్నా అన్నట్టు. "రెండు కోటింగులు. లోపలా బయటా. మీ పనికి మేం తక్కువ చేస్తామా?"

"దానికి కన్నాలుండాలి."

"ఉన్నాయకా, చూశాను. గోరంత చోట నాలుగు వందలని మీరే కాయితంలో రాశారు. ఇవాళ మంత్రిగారు ఈ జిల్లాలో ఇన్ని కన్నాలేమిటని అడిగితే హోకిమ్ గారు ఏం చెప్పుకోవాలి? ఒక్కటి కూడా లేకుండా మూయించాను. ఆరుగురు మనుషులు, సన్న కుంచెలు. పాపం నిన్నటినుంచీ భోజనాలు లేవు వాళ్ళకి."

ఉస్తా థిన్నరు డబ్బా కోసం షెడ్డులోకి పరిగెత్తాడు. మంత్రులు ఆలస్యంగా రావడం ఆనవాయితీ. ఈయన సంస్కరణలు కోరే మనిషి, సరిగ్గా సమయానికి వచ్చారు.

స్వాగతానికి రొట్టె తుంచారు. మంత్రిగారికి చారల చపాన్, మా పొడుగు అంగీ, తొడిగారు. పంపు మీట నొక్కారు. వడపోత కింద గాజు జాడీ పెట్టి ఉంది. అందరూ జాడీ కేసి చూశారు. జాడీలో ఏమీ పడలేదు. పీడనం ముల్లు పైకి పోయింది, పంపు మూలగడం మొదలుపెట్టింది. ఉస్తా నల్లటి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన కంటికి జాడీ కనిపించడం లేదు, దాని వెనక షెడ్డు తలుపే కనిపిస్తోంది.

అప్పుడు రంగులో ఎక్కడో కుంచె వెంట్రుక ఇరుక్కున్న చోటి నుంచి ఒక చుక్క వచ్చింది. కొంతసేపు వేలాడింది. రాలింది.

హోకిమ్ గారి మొహం సున్నం కొట్టిన చెట్టు మొదలులా ఉంది. రాయిమ్‌బెర్దీ ఒకడుగు ముందుకు వేశాడు.

"గౌరవం, మంత్రిగారూ," అన్నాడు. "మా దగ్గర పెద్దవాళ్ళకి కొంచెమే పోస్తాం."

మంత్రిగారు చలించిపోయారు. యంత్రాలు తనకి మర్యాద చెయ్యడం ఆయన అంతవరకు చూడలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని వడపోతకి వంగి నమస్కరించారు. రెండో చుక్క కోసం అందరూ కాసుకున్నారు. అది రాలేదు. మర్యాద ఇంకా పెరిగిందని అందరికీ అర్థమైంది.

"మలినం ఎంత ఆగింది?" అని మంత్రిగారు ఉస్తాని అడిగారు.

"అంతా ఆగిందండీ."

"నూటికి నూరా?"

"నూటికి నూరండీ. నూనె కూడా ఆగింది."

"నూనె వేరే శాఖ," అన్నారు మంత్రిగారు. "నాది మలినం."

అంతలో పంపు వేడెక్కి ఆగిపోయింది. హాలు నిశ్శబ్దమైంది. కరెంటు ఎంత ఖర్చవుతోందని ఆయన అడిగితే ఏమీ కావడం లేదని రాయిమ్‌బెర్దీ నిజమే చెప్పాడు. చప్పుడు సంగతి చెప్పక్కరలేదు, అందరూ వింటూనే ఉన్నారు. మధ్యాహ్నం పలావులో నూనె చూసి మంత్రిగారు ఇదే కదా ఆ వడపోత మహిమ అన్నారు. ఆ నూనె రిజ్కీఖాన్ ఓపా బకెట్టులోంచి వచ్చింది. ఆవిడ నోరు తెరవబోతే హోకిమ్ గారు ఆవిడ చేతిలో పువ్వుల గుత్తి పెట్టారు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. పన్నెండు జిల్లాల మిల్లుల్లో అలాంటి వడపోతే పెట్టాలి, ఆకాశనీలం రంగు తప్పనిసరి. మొదటి వడపోతను ప్రభుత్వ నమూనాగా సీలు వేసి పక్కన ఒక గార్డుని నిలబెట్టారు. ఉస్తా థిన్నరూ కుంచె పట్టుకుని వెళ్తే నమూనాను గీకడం నేరమని గార్డు చెప్పి, తను మాత్రం ఏం చేస్తానని క్షమాపణ కూడా చెప్పుకున్నాడు.

సరే, పన్నెండూ నేసి ఇస్తాను, రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చని ఉస్తా మగ్గానికి తీగ ఎక్కించాడు. అప్పుడు రాయిమ్‌బెర్దీ వచ్చాడు.

"అకా, మీరు కన్నాలు పెట్టడమెందుకు, మేం మూయడమెందుకు? అనవసరంగా రెండు పనులు. రేకు కొట్టి రంగు వేస్తే సరిపోతుంది. కాస్త ఆధునికంగా ఆలోచించండి."

"రేకులోంచి నూనె ఎలా దిగుతుందయ్యా?"

"నమూనాలోంచి దిగిందా?"

ఉస్తా ఎక్కించిన తీగ దించేశాడు. మగ్గాలు అక్కరలేకపోయాయి కాబట్టి వాటిని తీసి గోదాం వెనక ఎండలో పడేశారు. ఖాళీ అయిన షెడ్డులో విజయాల ప్రదర్శనశాల తెరిచారు. పేరుకుపోయిన విజయాలన్నీ వెతికి తేగా, ఒక వడపోతా ఒక రిబ్బనూ దొరికాయి. ఆడవాళ్ళు మళ్ళీ గుడ్డసంచులు పట్టుకున్నారు. కాకపోతే పని అయ్యాక ఎనిమిదిమందీ వంతులవారీగా ఆ జానెడు ముక్కలో ఇంటికి సరిపడా నూనె వడకట్టుకునేవారు. "ఉస్తా, జిల్లా మొత్తానికి పనిచేసే ఆఫీసు ఈ బకెట్టొక్కటే," అనేది రిజ్కీఖాన్ ఓపా.

అక్టోబరులో ఉస్తాకి 'గౌరవ ఆవిష్కర్త' బిరుదు ఇవ్వడానికి మంత్రిగారు మళ్ళీ వస్తున్నారని తెలిసింది. ఉస్తా గళ్ళ కాయితం మీద అర్జీ రాసుకున్నాడు. మూడే వాక్యాలు. బిరుదు వద్దు. మగ్గాలు ఇప్పించండి. వానలు వచ్చేలోగా.

రాయిమ్‌బెర్దీ ఈసారి మరింత పకడ్బందీగా పనిచేశాడు. ఇక్కడ తయారై జిల్లా రిజిస్టరులోకెక్కిన ప్రతి వడపోతా బుధవారం లోపల ఉత్తర్వు ప్రకారం నీలంగా ఉండాలన్నాడు. రిజిస్టరు తిరగేసి ఒక్కొక్కటే టిక్కు పెట్టించాడు. పద్నాలుగోది, ఆఖరిది, ఉన్న చోటు హోకిమ్ గారి ఆఫీసు. వివరం, టీ కూజా కొమ్ము. దానికీ రెండు కోటింగులు వేశారు. లోపలా బయటా.

గురువారం ఉదయం ఆ గదిలో మంత్రిగారు, హోకిమ్ గారు, రాయిమ్‌బెర్దీ, ఉస్తా కూర్చున్నారు. టీ పోసే ముసలాయన మంత్రిగారి పియాలా మీద కూజా వంచాడు. ఏమీ రాలేదు. ఇంకా వంచాడు. ఏమీ రాలేదు. హోకిమ్ గారు కళ్ళు మూసుకున్నారు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "ఇంత గౌరవం నాకు ఏ జిల్లాలోనూ జరగలేదు," అన్నారు. పియాలా రెండు చేతులా అందుకుని, ఊది, చిన్న గుక్క తాగారు. వేడిగా ఉందన్నారు.

హోకిమ్ గారు కళ్ళు తెరిచి తన పియాలా కూడా ఎత్తారు. ఒక్క ఆకు కూడా లేదన్నారు. రాయిమ్‌బెర్దీ రెండోసారి పోయించుకున్నాడు.

ఉస్తా లేచి అర్జీ ఇచ్చాడు. హోకిమ్ గారు దాన్ని చదివారు, మడిచారు, మంత్రిగారి చూపు పడకుండా పియాలా కింద పెట్టారు. ఉస్తా భుజాల మీద కొత్త చపాన్ కప్పి, ఇలాంటి మనిషి ఉన్నందుకు జిల్లా గర్విస్తోందని చెప్పారు. చెప్తూనే టీ పోసే ముసలాయన కేసి ఒకసారి చూశారు. ఆ చూపు ముసలాయనకి ముగ్గురు హోకిముల నాటి నుంచీ తెలుసు.

అతను ఉస్తా పియాలా మీద కూజా వంచాడు. కొమ్ములోంచి చుక్క దిగలేదు. ఒక్క క్షణం ఆలోచించి, మూత తీసి, పైనుంచే పోశాడు. పియాలా అంచు దాకా, ఒణికేటంత నిండింది. ఆకులు తేలుతున్నాయి.

ఉస్తా పియాలా కేసి చూశాడు, హోకిమ్ గారి కేసి చూశాడు. అలాంటి పియాలాను ముట్టుకోకుండా లేవడం పద్ధతి. ఆయన కుదురుగా కూర్చుని, ఆకుల్ని ఊది ఓ పక్కకి తోసి, తొందరేమీ లేనట్టు గుక్కగుక్కగా అడుగు దాకా తాగాడు. మిగతా ముగ్గురూ పియాలాలు పెదాలకి ఆనించుకుని చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆయన మీసం తుడుచుకుని, చపాన్ మడిచి కుర్చీ మీద పెట్టి, మిల్లులో బకెట్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆ గదిలో టీ తాగిన మనిషి ఆయనొక్కడే.