జనన విభాగంలో బ్యాకప్

పుట్టడం మనిషి సొంత వ్యవహారమనీ, పుట్టినట్టు కంప్యూటర్లో ఉండడమే అసలైన పుట్టుక అనీ నాగరిక సమాజం ఎప్పుడో తేల్చేసింది. ఆ లెక్కన మా ఊరి జనమంతా జనన నమోదు కార్యాలయంలో, కిటికీ పక్కన, పాత తువ్వాలు కప్పిన ఒకే ఒక్క కంప్యూటర్లో కాపురముండేవారు. వాళ్లందరినీ పద్దెనిమిదేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న గుమాస్తాను అందరూ రికార్డులక్క అనేవారు.

ఒక సోమవారం పైనుంచి సర్క్యులర్ దిగింది. శుక్రవారం కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ వేస్తారు; ఈలోగా విధిగా బ్యాకప్ తీయాలి. బ్యాకప్ అంటే ఉన్నదానికి మరో ప్రతి తీసి వేరే చోట దాచడమని అడుగున వివరణ కూడా ఇచ్చారు. పెన్‌డ్రైవులు నిషేధం. బయటి డిస్కు కావాలంటే బ్యాకప్ అనుమతుల సంఘానికి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ వెబ్‌సైటు అప్‌డేట్ వేసిన కంప్యూటర్లోనే తెరుచుకుంటుంది. (పాత కంప్యూటర్లను నమ్మలేమట.)

రికార్డులక్క ఈ సంగతి పెద్దసారుకు చెప్పుకుంది.

"దానికేముందమ్మా, బ్యాకప్ తీసినట్టు ఈ కాగితం మీద సంతకం పెట్టు," అన్నారాయన.

"తీయలేదు కదండీ."

"తీశావా అని నేనడిగానా? తీసినట్టు సంతకం పెట్టమన్నాను."

"రేపు ఏమన్నా అయితే?"

"అయితే ఏం? మన దగ్గర కాగితం ఉంటుందిగా!"

అక్క పెట్టలేదు. ఆయనే పెట్టేసుకున్నారు. మర్నాడు ఆమె ఇంట్లో ఉన్న డిస్కు పట్టుకొచ్చింది. చోటు చాలకపోతే, కూతురు తొలిసారి అడుగులేసినప్పటి వీడియోను రెండుసార్లు చూసుకుని చెరిపేసింది. మూడు రోజులపాటు భోజనాలవేళ క్యారేజీ మూత తీయకుండా ఊరి జనాన్నంతా అందులోకి చేరవేసింది.

శుక్రవారం అప్‌డేట్ మొదలైంది. నలభై శాతం దగ్గర కంప్యూటర్ మూడు గంటలు ఆలోచనలో పడింది. చివరికి తేరుకుని, "స్వాగతం! ఇక్కడ అంతా కొత్తగా ఉంది" అని ప్రకటించింది. అబద్ధం కాదు. పాతదేదీ మిగల్లేదు.

సోమవారం పొద్దున ఒక అమ్మమ్మ మనవరాలి వేలు పట్టుకుని వచ్చింది. బడిలో చేర్చడానికి జనన పత్రం కావాలి. మర్నాడే ఆఖరు రోజు.

పెద్దసారు తెరవైపు చూసి, "మీ పిల్ల పుట్టలేదమ్మా," అన్నారు.

"ఎదురుగా నిలబడింది కదయ్యా!"

"నిలబడింది, కాదనను. పుట్టినట్టు మాత్రం లేదు."

పాప బిక్కమొహం వేసింది. "అమ్మమ్మా, మరి నేనెవర్ని?" అంది.

రికార్డులక్క ఇక ఉండబట్టలేకపోయింది. సంచిలోంచి డిస్కు తీసి తగిలించింది. గంటలో ఊరు ఊరంతా మళ్లీ పుట్టింది. జనన పత్రం ప్రింటవుతుంటే అమ్మమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "చల్లగా ఉండు తల్లీ," అంది. అక్క ముక్కు ఎగబీల్చి, "ప్రింటర్ వేడికిలెండి," అనేసింది.

పెద్దసారు ఆ కాగితాన్ని మధ్యలోనే అందుకుని, "ఇదెక్కడిది?" అన్నారు.

మధ్యాహ్నానికల్లా విచారణ సంఘం కూర్చుంది. (మా కార్యాలయం అంత వేగంగా పనిచేయగలదని అంతవరకూ ఎవరికీ తెలియదు.) అనుమతి లేని డిస్కులోంచి వచ్చిన పుట్టుకలు అనుమతి లేని పుట్టుకలేనని సంఘం తేల్చింది. డిస్కునూ కంప్యూటర్నూ భద్రత దృష్ట్యా శుభ్రంగా చెరిపించింది. రికార్డులక్కను సస్పెండ్ చేసింది. నూరు శాతం బ్యాకప్ సాధించినందుకు పెద్దసారును అభినందించింది.

సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చున్న అమ్మమ్మకు కిటికీలోంచి ముద్ర వేసిన రసీదు అందించారు: "మీ మనవరాలి పుట్టుక పరిశీలనలో ఉన్నది. నిర్ణయం వెలువడేవరకు ఆమె వయసు పెరగకుండా చూసుకోగలరు."